నాక్సోస్‌లో చిన్న హోటల్: సైటులో గదుల్లేవంటోంది, ఓనరేమో ఉందంటున్నారు. అడ్వాన్సు పంపొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సెప్టెంబరు రెండో వారంలో గ్రీసులోని నాక్సోస్ దీవికి వెళ్తున్నారు. ఐదు రాత్రులు, మీరిద్దరూ, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. ఓ కుటుంబం నడుపుకుంటున్న చిన్న హోటల్ నచ్చింది. బుకింగ్ సైటులో ఆ తేదీలకు గదుల్లేవని చూపిస్తోంది. నేరుగా మెయిల్ రాస్తే మాత్రం ‘గది ఉంది, 30 శాతం అడ్వాన్సు బ్యాంకుకు పంపండి’ అని జవాబొచ్చింది. ఇదేమైనా మోసమా అని మీ అనుమానం.

మోసం కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆ దీవుల్లో చిన్న హోటళ్లు నడిచే తీరే అంత. అలాగని వెంటనే డబ్బు పంపేయమనడం లేదు. ముందు సైటు ‘లేవు’ అనడానికి అసలు అర్థమేమిటో చూద్దాం.

పది పదిహేను గదులున్న చోట ఓనర్లు అన్ని గదుల్నీ సైటుకి అప్పగించరు. సైటు కమీషన్ మామూలుగా బిల్లులో 15 శాతం దాకా ఉంటుంది. ఏటా వచ్చే పాత అతిథుల కోసమూ, నేరుగా ఫోన్ చేసేవాళ్ల కోసమూ కొన్ని గదులు పక్కన పెట్టుకుంటారు. సైటుకిచ్చిన నాలుగో ఐదో నిండిపోగానే అక్కడ ‘ఖాళీ లేదు’ అని పడుతుంది. ఇది మొదటి కారణం. రెండోది కనీస రాత్రుల నిబంధన. జులై, ఆగస్టుల్లో మూడు రాత్రులు, కొన్నిచోట్ల ఐదు రాత్రులు తీసుకుంటేనే గది ఇస్తారు. సెప్టెంబరు మొదట్లోనూ ఇది చాలాచోట్ల కొనసాగుతుంది. అలాంటప్పుడు రెండు రాత్రులకు వెతికితే గది ఖాళీగా ఉన్నా సైటు చూపించదు. రెండు బుకింగుల మధ్య ఒకటి రెండు రాత్రుల సందు మిగిలినప్పుడూ ఇదే జరుగుతుంది. మీ తేదీలకు ఒక రోజు అటూ ఇటూ జరిపి, ఒక రాత్రి కలిపి, ఒక రాత్రి తీసేసి మళ్లీ వెతకండి.

మూడోది మీ విషయంలో అసలు కారణం కావచ్చు: మనుషుల లెక్క. ‘ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు’ అని వెతికితే నలుగురికి అనుమతి ఉన్న గదులే వస్తాయి. అక్కడి చిన్న హోటళ్లలో ఎక్కువ గదులు ఇద్దరికో ముగ్గురికో రాసి ఉంటాయి. ఆరేళ్ల బాబుకు మడత మంచం వేసే వీలుందా లేదా అన్నది సైటుకి తెలియదు, ఓనరుకే తెలుసు. ఓసారి ఇద్దరు పెద్దలకు మాత్రమే వెతికి చూడండి. గది కనిపిస్తే సమస్య తేదీలది కాదు, తలలదని అర్థం. అలాగని ఇద్దరికే బుక్ చేసి నలుగురు దిగొద్దు. మంచం లేదనడానికి ఓనరుకు పూర్తి హక్కుంటుంది, వీసాకు జతచేసే ఆ బుకింగ్ కాగితంలోనూ పిల్లల పేర్లు ఉండవు.

ఇక ఆ హోటల్ నిజమైనదేనా అన్నది. గ్రీసులో హోటళ్లకు నక్షత్రాలుంటాయి. అద్దె గదులకు, స్టూడియోలకు నక్షత్రాల బదులు తాళం చెవుల గుర్తులుంటాయి, ఒకటి నుంచి నాలుగు దాకా. గ్రీకులో వీటిని ‘దొమాతియా’ అంటారు, గదులు అని అర్థం. రిజిస్టరైన ప్రతి వసతికీ పర్యాటక శాఖ రిజిస్టరులో ఒక నంబరుంటుంది. సొంత వెబ్‌సైటు ఉంటే పేజీ అడుగున ఎం.హెచ్.టి.ఇ. అనే అక్షరాల పక్కన కనిపిస్తుంది. హోటల్ కాకుండా ఎవరిదో ఇల్లు కొద్ది రోజులకు అద్దెకిస్తుంటే ఏ.ఎం.ఏ. అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ప్రకటనలో ఆ నంబరు చూపించడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ రెండింటిలో ఏదీ లేకపోతే నంబరు అడగండి. సక్రమంగా నడుపుకునేవాళ్లు ఏమీ అనుకోకుండా పంపిస్తారు.

మ్యాపులో వెతికేటప్పుడు పేర్లతో జాగ్రత్త. ‘హోరా’ అంటే దీవి ప్రధాన పట్టణం అనే అర్థం, దాదాపు ప్రతి దీవిలోనూ ఒక హోరా ఉంటుంది (ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం చోరా అని చదువుతాం). ప్లాకా అనే చోటు నాక్సోస్‌లోనూ ఉంది, మీలోస్ దీవిలోనూ ఉంది. అగియా అన్నా బీచ్ నాక్సోస్‌లో ఒకటి, మికోనోస్‌లో ఒకటి. వేరే దీవిలో గది బుక్ చేసుకుని ఓడ దిగాక తెలుసుకునేవాళ్లు ఏటా ఉంటారు. పైగా గ్రీకు పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. అగియా, అయియా, ఆగియా మూడూ ఒకటే. ఒక స్పెల్లింగుతో హోటల్ దొరక్కపోతే లేదనుకోకుండా రెండో స్పెల్లింగుతో వెతకండి.

ఆ తర్వాత ఒక్క ఫోన్ కాల్. గ్రీసు కోడ్ 30. వేసవిలో మన గడియారం వాళ్లకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా విశ్రాంతి వేళ, ఆ సమయంలో ఫోన్ చేస్తే విసుక్కుంటారు. మనకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర మధ్య, లేదా రాత్రి తొమ్మిది దాటాక చేయండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా మ్యాపులోనో బుకింగ్ సైటులోనో కనిపించే నంబరుకు చేయాలి. ‘ఫలానా తేదీలకు మీతో మెయిల్‌లో మాట్లాడుతున్నది నేనే, అకౌంటు నంబరు చివరి నాలుగు అంకెలు ఒకసారి చెప్పండి’ అంటే చాలు. మెయిల్ హ్యాక్ చేసి మధ్యలో అకౌంటు నంబరు మార్చేసే మోసం ఈ ఒక్క కాల్‌తో బయటపడుతుంది. గ్రీసు ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు అకౌంటు) నంబరు జి.ఆర్. అక్షరాలతో మొదలై మొత్తం 27 అక్షరాలుంటుంది. వేరే దేశపు అకౌంటు ఇస్తే అక్కడే ఆగిపోండి.

ఇంకో రకం మోసం ఇంతకంటే ఎక్కువ. సైటులో బుక్ చేశాక, సైటు చాట్‌లోనే హోటల్ పేరుతో ‘మీ కార్డు 12 గంటల్లోగా ధ్రువీకరించకపోతే బుకింగ్ రద్దవుతుంది’ అని లింకు వస్తుంది. హోటల్ వాళ్ల పాస్‌వర్డ్ దొంగిలించి పంపేవి ఇవి, అందుకే మీ పేరూ తేదీలూ అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ లింకు ముట్టుకోకుండా హోటల్‌కు ఫోన్ చేయండి.

మీరిప్పుడు రాయాల్సిన రెండో మెయిల్‌లో ఈ సంగతులన్నీ ఒకేచోట ఉండాలి. చిన్న వాక్యాల్లో, తేలికైన ఇంగ్లీషులో రాయండి. అటువైపు చదివేవాళ్లకూ అది పరాయి భాషే. విషయం ఇలా ఉంటే చాలు:

“సెప్టెంబరు 8 మంగళవారం రాక, 13 ఆదివారం ఖాళీ చేయడం, ఐదు రాత్రులు. ఇద్దరు పెద్దలు, 10, 6 ఏళ్ల పిల్లలిద్దరు. నలుగురికీ ఒకే గదిలో మంచాలు ఎలా వేస్తారు? రాత్రికి ధర ఎంత, అందులో పన్ను కలిసిందా? అడ్వాన్సు ఎంత, ఏ తేదీలోపు రద్దు చేసుకుంటే తిరిగిస్తారు? వీసా రాకపోయినా, గాలి వల్ల ఓడలు ఆగిపోయినా అడ్వాన్సు సంగతేమిటి? కార్డు లింకు ద్వారా కట్టే వీలుందా? నలుగురి పేర్లతో కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తారా?”

వారం పేరు తప్పకుండా రాయండి, తేదీ తప్పు పడితే అక్కడే దొరికిపోతుంది. మంచాల ప్రశ్న కూడా వదలొద్దు. అక్కడ ‘డబుల్ బెడ్’ అంటే చాలాసార్లు రెండు సింగిల్ మంచాలు దగ్గరకు జరిపి ఒకే దుప్పటి వేసినవే. నాలుగో మనిషికి సోఫానే మంచమవుతుంది. ఆ సోఫా వంటగట్టు పక్కన ఉందా, విడిగా ఉందా అన్నది ఫోటో అడిగితే పంపుతారు.

డబ్బు లెక్క చూద్దాం. గది రాత్రికి 80 యూరోలనుకుంటే ఐదు రాత్రులకు 400, దానిలో 30 శాతం 120. ఇంత చిన్న మొత్తానికి మన బ్యాంకు నుంచి విదేశీ ట్రాన్స్‌ఫర్ చేయడం దండగ. విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఏ-2 ఫారం నింపాలి, పాన్ ఇవ్వాలి, బ్యాంకు చార్జీ, దానిమీద జీఎస్టీ, మధ్యలో ఇంకో బ్యాంకు కోసుకునేది. ఓనరు చేతికి 120 బదులు 100 చేరి ‘తక్కువొచ్చింది’ అని మెయిల్ వస్తుంది. తప్పనిసరై అలాగే పంపాల్సి వస్తే చార్జీల దగ్గర ‘షేర్డ్’ కాకుండా ‘అవర్’ అనేది ఎంచుకోండి, అప్పుడు చార్జీలన్నీ మీమీదే పడతాయి. రెఫరెన్సులో మీ ఇంటిపేరు, వచ్చే తేదీ రాయించండి.

దీనికంటే కార్డు లింకు నయం. క్రెడిట్ కార్డుకు విదేశీ మారకం చార్జీ 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే మొత్తం 4.13 శాతం, అంటే 120 యూరోల మీద సుమారు 5 యూరోలు. గొడవొస్తే బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే దారి కూడా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బుకు ఆ దారి ఉండదు. కట్టేముందు కార్డు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి, పరిమితి సరిపోతుందో చూడండి. మన కార్డులు అక్కడ ‘డిక్లైన్’ అవడానికి చాలాసార్లు కారణం ఈ మీటే. రూపాయల్లో కడతారా యూరోల్లో కడతారా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు పడుతుంది, అది ఎప్పుడూ మనకు నష్టమే.

మిగిలిన 280 అక్కడ దిగాక కడతారు. దీనిమీద ‘క్లైమేట్’ పన్ను విడిగా పడుతుంది. మనిషికి కాదు, గదికి, రాత్రికి లెక్క. 2025 నుంచి ఏప్రిల్–అక్టోబరు నెలల్లో ఒకటి, రెండు నక్షత్రాల హోటళ్లకు 2 యూరోలు, మూడింటికి 5, నాలుగింటికి 10, అయిదింటికి 15. అద్దె గదులకు 2, కొద్ది రోజులకు అద్దెకిచ్చే అపార్టుమెంట్లకు 8. అంటే మీ ఐదు రాత్రులకు రెండు నక్షత్రాల హోటల్లో 10 యూరోలతో పోయేది అపార్టుమెంటయితే 40 అవుతుంది. ధరలు పోల్చేటప్పుడు ఇది కలుపుకోండి. సైటులో చూపే ధరలో ఇది చాలాసార్లు కలిసి ఉండదు. ఇంకో మాట: గ్రీసులో 500 యూరోలు, ఆపైన బిల్లును నగదుగా కట్టడం చట్టవిరుద్ధం. పెద్ద మొత్తం నగదే కావాలని పట్టుబడితే కార్డు యంత్రం అడగండి, రసీదు తీసుకోండి.

ఇక హోటల్ ఎక్కడుందన్నది. మీరు దాని పేరు చెప్పలేదు కాబట్టి ప్రాంతాల గురించి చెప్తాను. నాక్సోస్ హోరాలో ఓడరేవుకు ఆనుకుని పాతబస్తీ ఉంది. పైన కోట, కింద సన్నని మెట్ల సందులు. ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది. రెండు పెద్ద సూట్‌కేసులు, నిద్రపోతున్న ఆరేళ్ల పిల్లాడితో ఆ మెట్లెక్కడం మాత్రం వేరే సంగతి. కార్లు లోపలికి పోవు. గ్రొట్టా వైపు గదుల నుంచి సముద్రంలో పోర్తారా రాతి ద్వారం బాగా కనిపిస్తుంది కానీ అది ఉత్తరం ముఖం, గాలి నేరుగా కొడుతుంది. పిల్లలున్నవాళ్లకు పట్టణం దక్షిణాన ఉన్న అగియోస్ గియోర్గియోస్ బీచ్ దగ్గర తీసుకోవడం మేలని నా అభిప్రాయం. నీళ్లు లోతు లేకుండా చాలాదూరం ఉంటాయి, రేవు నుంచి నడిచి వెళ్లొచ్చు, తిండికి పట్టణం పక్కనే. అక్కడినుంచి ఇంకా దక్షిణంగా అగియోస్ ప్రోకోపియోస్, అగియా అన్నా, ప్లాకా వరసగా ఉంటాయి, బీచ్ ఇంకా బాగుంటుంది, బస్సు ఉంది. మిక్రీ విగ్లా గాలితో ఆడే కైట్ సర్ఫింగ్ వాళ్లది, చిన్నపిల్లలకు కాదు. ఉత్తర కొసన అపొలోనాస్ దగ్గర గది చవగ్గా కనిపిస్తే, హోరా నుంచి కొండ మలుపుల్లో గంటకు పైగా ప్రయాణమని గుర్తుంచుకోండి. అక్కడ కారు లేకుండా కుదరదు, కారు కావాలంటే మన ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి.

తేదీలు ఖాయం చేసే ముందు ఓడ సంగతి చూడాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి నాక్సోస్‌కు బ్లూ స్టార్ లాంటి పెద్ద ఓడలో అయిదు గంటల పైచిలుకు, వేగం పడవలో మూడున్నర నుంచి నాలుగు గంటలు. పెద్ద ఓడ ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయల్దేరుతుంది. మీ విమానం అదే ఉదయం ఏథెన్స్‌లో దిగితే అది అందదు. విమానాశ్రయం నుంచి మెట్రో మూడో లైను నేరుగా పిరేయస్ దాకా వెళ్తుంది, సుమారు గంట. ఎక్స్96 బస్సు రాత్రంతా తిరుగుతుంది, ట్రాఫిక్‌ను బట్టి గంటన్నర కూడా పట్టొచ్చు. ఇమిగ్రేషన్, సామాను కలుపుకుంటే విమానం దిగిన మూడున్నర గంటలలోపు బయల్దేరే ఓడ నమ్ముకోవద్దు.

సాయంత్రం ఓడ ఎక్కితే ఇంకో చిక్కు. అది నాక్సోస్‌కు రాత్రి పన్నెండు దాటాక చేరొచ్చు. ఉదాహరణకు 9వ తేదీ తెల్లవారుజామున 12:40కి దిగుతున్నారంటే గది 8వ తేదీ నుంచే బుక్ చేయాలి. 9 నుంచి చేస్తే ఆ మధ్యాహ్నం రెండు దాకా మీకు గది లేదు. 8 నుంచి చేసి ఆలస్యం సంగతి చెప్పకపోతే రాలేదని రాసేసి గది వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు. చిన్న హోటళ్లలో రాత్రంతా కూర్చునే రిసెప్షన్ ఉండదు. ఓనరు ఇంటికెళ్లి పడుకుంటారు, తాళం తలుపుకే వదిలేసి గది నంబరు మెసేజ్ చేస్తారు.

మెల్తేమి అని ఉత్తరపు గాలి జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రంలో రోజుల తరబడి వీస్తుంది. సెప్టెంబరులో తగ్గుముఖం పడుతుంది కానీ పూర్తిగా పోదు. గాలి బోఫోర్ట్ అనే గాలి వేగపు కొలమానంలో 8, 9 స్థాయికి చేరితే రేవు అధికారులు ఓడల్ని ఆపేస్తారు. వేగం పడవలు అంతకన్నా ముందే ఆగుతాయి. ఓడ టికెట్టు డబ్బు తిరిగొస్తుంది, లేదా మరో ఓడకు మారుస్తారు. హోటల్ గది డబ్బు తిరిగివ్వాలన్న నియమం మాత్రం లేదు. అందుకే పై మెయిల్‌లో ఆ ప్రశ్న పెట్టాను. ఇదే కారణంతో తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి, దీవిలో ఒక రాత్రి తగ్గినా సరే.

వీసా విషయంలో ఈ బుకింగ్‌కు ముడిపడినవి మాత్రం చెప్తాను. షెంగెన్ (గ్రీసు సహా చాలా ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, ఆఖరు గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45. అంటే మీ ఇద్దరు పిల్లలకూ 45 చొప్పున పడుతుంది. ప్రతి రాత్రికీ బస ఎక్కడో చూపించాలి. ఏథెన్స్ రాత్రి కాగితం మరిచి, నాక్సోస్‌ది మాత్రమే జతచేసి ఇబ్బందిపడేవాళ్లు చాలామంది. ఇటలీ కూడా కలుపుకుంటే ఎక్కువ రాత్రులు ఏ దేశంలోనో ఆ దేశానికే దరఖాస్తు.

ఓనరు ‘సరే, గది మీదే’ అని రాసిన రెండు ముక్కల మెయిల్ దీనికి చాలదు. హోటల్ పేరు, చిరునామా, ఫోన్, రిజిస్టరు నంబరు, నలుగురి పేర్లు, తేదీలు, కట్టిన మొత్తం ఉన్న లెటరు, వీలైతే స్టాంపు వేసినది కావాలి. పేర్ల దగ్గర మనవాళ్లకో ప్రత్యేకమైన చిక్కు: ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల సైటులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పడుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే సర్‌నేమ్‌గా రాయండి, ఇంట్లో ఏమని పిలుచుకున్నా సరే. ఆ గడి ఖాళీగా ఉంటే ఓనరుకు ముందే ఆ సంగతి రాసి, పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరునే లెటరులో వేయించుకోండి. ఓడ టికెట్టు మీద కూడా అదే పేరు.

రద్దు గడువు వీసా నిర్ణయం తర్వాత పడేలా చూసుకోండి. సైటులో చూపే గడువు హోటల్ ఉన్నచోటి సమయం ప్రకారం లెక్క. అక్కడ సెప్టెంబరు 1 రాత్రి 11:59 అంటే మనకు 2వ తేదీ తెల్లవారుజాము 2:29. వీసా కోసం ఉత్తుత్తి బుకింగ్ చేసి, కాగితాలిచ్చాక రద్దు చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కాన్సులేట్ నుంచి హోటల్‌కు ఫోన్ వెళ్లిన రోజున ఆ సలహా ఇచ్చినాయన కనిపించడు. పది గదుల హోటల్లో మీ బుకింగ్ ఉందో లేదో ఓనరుకు రిజిస్టరు తెరవకుండానే తెలుసు.

గది గురించి ముందే తెలిసుంటే మంచివి రెండు మూడు. టాయిలెట్ పేపరు కమోడ్‌లో వేయకూడదు, పక్కన డబ్బా ఉంటుంది. గొట్టాలు సన్నవి, నిజంగానే మూసుకుపోతాయి. వేడినీళ్లు చాలాచోట్ల పైకప్పు మీది సోలార్ ట్యాంకువి, నలుగురూ వరసగా స్నానం చేస్తే నాలుగో మనిషికి చల్లబడొచ్చు. స్టూడియో అంటే రెండు చిన్న హాట్‌ప్లేట్లు, బుల్లి ఫ్రిజ్. అన్నం, పప్పు వండుకోవడానికి సరిపోతుంది, కుక్కర్ ఈల వేస్తే మాత్రం పక్క గదివాళ్లు బయటికొస్తారు.

ఇప్పుడు మీ పని వరసగా: నంబరు వెతికి ఫోన్ చేయడం, పై మెయిల్ పంపడం, జవాబులన్నీ రాతలో వచ్చాక కార్డు లింకుతో 120 కట్టడం, లెటరు తెప్పించుకోవడం. బయల్దేరే ముందురోజు ఓనరుకు ఓడ పేరు, చేరే సమయం, మీ వాట్సాప్ నంబరు పంపండి. నాక్సోస్‌లో చాలామంది ఓనర్లు తమ వ్యానుతో రేవుకొస్తారు, ఎక్కువచోట్ల డబ్బు తీసుకోరు. ఓడ దిగగానే హోటళ్ల బోర్డులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. ‘రూమ్స్, రూమ్స్’ అని పలకరించేవాళ్లను దాటి, మీ హోటల్ పేరున్న బోర్డు దగ్గరకే వెళ్లండి.